జేబు గడియారం, ఆరు నిమిషాల తేడా

వస్తువులు పోగేసే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. అగ్గిపెట్టె లేబుళ్ళతో మొదలై, బస్సు టికెట్లు, సిరా అయిపోయిన పెన్నులు, చివరికి పనిచేయని కాలిక్యులేటర్ల దాకా వెళ్ళింది. ఉద్యోగంలో చేరాక, పెళ్ళయ్యాక (ముఖ్యంగా పెళ్ళయ్యాక) నయమైపోయిందనే అనుకున్నా. కానీ 2008లో ఆన్‌సైట్ పేరుతో షికాగో పక్కన షాంబర్గ్‌లో పడ్డాక మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి జేబు గడియారాల రూపంలో.

దానికి కారణం పక్క ఊరు. షాంబర్గ్‌కి పడమరగా, ఫాక్స్ నది ఒడ్డున ఎల్జిన్ అని ఓ ఊరుంది. ఆఫీసులో మన తెలుగు జనం ఎల్జిన్ గురించి మాట్లాడుకునేదల్లా అక్కడ ఇళ్ళు కాస్త చవగ్గా దొరుకుతాయని. నాకూ అంతకుమించి తెలీదు. అక్టోబరులో ఓ శనివారం పనీపాటా లేక ఒక పాత సామాన్ల దుకాణంలో దూరితే, గాజు పెట్టెలో అరచేతిలో పట్టేంత గడియారం ఒకటి కనిపించింది. తెల్లటి పింగాణీ డయలు, పెద్ద పెద్ద నల్ల అంకెలు, నీలం ముళ్ళు, కింద చిన్న గుండ్రంలో సెకన్ల ముల్లు. డయలు మీద ఎల్జిన్ అని ఉంది.

"ఈ ఊరి పేరు వాచీ మీద ఎందుకుంది?" అని అడిగా. దుకాణం పెద్దాయన నావైపు అదోలా చూశాడు. విజయవాడ వచ్చి "ఇక్కడ నది ఏదైనా ఉందా అండీ" అని అడిగినవాణ్ణి చూసినట్టు.

ఇంతకీ సంగతేంటంటే, ఎల్జిన్ నేషనల్ వాచ్ కంపెనీ అని 1864లో పెట్టారు, కార్ఖానా ఆ ఊళ్ళోనే. 1867లో మొదటి వాచీ బయటికొచ్చింది. దానికి కంపెనీ మొదటి ప్రెసిడెంటు, అంతకుముందు షికాగోకి మేయరుగా చేసిన బెంజమిన్ రేమండ్ పేరు పెట్టారు. సీరియల్ నంబరు ఒకటి కాదు, 101. (మనం కొత్త చెక్కు పుస్తకం 001తో మొదలైతే మొహమాటపడతామే, అలాంటిదే అయ్యుండొచ్చు.) ఆ తర్వాత దాదాపు వందేళ్ళు కోట్లకొద్దీ వాచీలు చేశారు. 1960ల్లో కార్ఖానా మూతబడింది, ఆ కట్టడాన్ని కూల్చేశారు కూడా. మిగిలింది ఒక్క నక్షత్రశాల. 1910 ప్రాంతంలో కట్టారు. రాత్రిళ్ళు నక్షత్రాలు చూసి టైము లెక్కగట్టి, దాంతో కార్ఖానాలో వాచీలు సరిచేసేవాళ్ళట. తర్వాత అది బడిపిల్లల ప్లానిటోరియం అయింది.

ఈ కథంతా విన్నాక కొనకుండా ఎలా ఉంటాం? 140 డాలర్లు. ఇంటికొచ్చి మా ఆవిడకి చూపించా. "గోడ గడియారానికి బ్యాటరీ వెయ్యమని నెల రోజులనుంచీ మొత్తుకుంటున్నా. అది వెయ్యకుండా బ్యాటరీ అక్కర్లేని గడియారం తెచ్చారా!" అంది. లాజిక్ ప్రకారం ఆవిడ చెప్పింది నిజమే గనక నేను జవాబివ్వలేదు.

ఇక అసలు పని: ఇది ఏ సంవత్సరంది? పాత వాచీ కొన్న ప్రతివాడికీ మొదట పుట్టే ప్రశ్న ఇదే. అమెరికన్ వాచీల్లో సులువేంటంటే, సీరియల్ నంబరు ఉంటే చాలు, ఏ నంబరు ఏ సంవత్సరంలో చేశారో చెప్పే పట్టికలున్నాయి. వెనక మూత తిప్పి తీశా. లోపలివైపు ఏడంకెల నంబరు, 27 లక్షల పై చిలుకు. పట్టికలో చూస్తే 1887!

ఇంకేముంది, గాల్లో తేలిపోయా. 1887 అంటే విక్టోరియా మహారాణి స్వర్ణోత్సవం జరిగిన ఏడు. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో. గిరీశం స్టేజీ ఎక్కడానికి అయిదేళ్ళ ముందే నా వాచీ టిక్కుటిక్కుమంటోందన్నమాట! ఈ ముక్క చుట్టాలకీ, స్నేహితులకీ, ఆఫీసులో టీమ్ మొత్తానికీ ఫోటోలతో సహా మెయిల్ కొట్టా. జన్మలో నేను రాసిన డిజైన్ డాక్యుమెంటు ఒక్కటి కూడా అంతమంది చదవలేదు.

రెండు వారాలు ఆ వైభవం సాగింది. తర్వాత ఒకరోజు వాచీల గురించి బాగా తెలిసిన ఒకాయన్ని కలిశా. గడియారం చేతిలోకి తీసుకుని, మూత తీసి, ఆ నంబరు వంక కన్నెత్తి కూడా చూడలేదు. లోపల మెషీను మీద చెక్కి ఉన్న ఇంకో నంబరు చూపించాడు. ఒక కోటీ 23 లక్షల చిల్లర. "నువ్వు చూసింది డబ్బా నంబరు. వాచీ నంబరు ఇది" అన్నాడు.

విషయమేంటంటే ఆ రోజుల్లో అమెరికాలో మెషీను చేసే కంపెనీలు వేరు, పైన కేసు చేసే కంపెనీలు వేరు. సైజులు మాత్రం ఒక ప్రమాణం ప్రకారం ఉండేవి. నాది 18 సైజు, అంటే మెషీను అడ్డంగా సుమారు 45 మిల్లీమీటర్లు. కొనేవాడు నగల దుకాణానికి వెళ్ళి, మెషీను ఒకటి, కేసు ఒకటి ఎంచుకుంటే, దుకాణంవాడు బిగించి ఇచ్చేవాడు. మనం కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేటప్పుడు మదర్‌బోర్డు ఒకటీ క్యాబినెట్ ఒకటీ ఎంచుకున్నట్టే. క్యాబినెట్ మీది నంబరు చూసి ప్రాసెసర్ ఏ సంవత్సరందో చెప్పేవాణ్ణి ఏమంటాం? సరిగ్గా అదే నేను.

పైగా ఆయన ఇంకోటి కూడా చూపించాడు. మెషీనుని కేసుకి పట్టి ఉంచే మరలు బిగించిన చోట, కేసు అంచున రెండు జతల గీతలున్నాయి. ఒక జత ఇప్పటి మరలవి. ఇంకో జత పక్కన ఖాళీగా ఉంది. అంటే ఈ కేసులో ఇంతకుముందు ఇంకో మెషీను కాపురం చేసి వెళ్ళిందన్నమాట. డయలు, ముళ్ళు, కేసు, ఏదైనా ఎవరైనా ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు. పుట్టిన సంవత్సరానికి సాక్ష్యం మెషీను ఒక్కటే.

ఆ లెక్కన నా వాచీ 1905-06 ప్రాంతంది. "ప్రాంతం" అని ఎందుకంటున్నానంటే, నంబర్లు ముందే గుత్తంగా కేటాయించేవాళ్ళు, వరసలోనే తయారవ్వాలని లేదు, తయారయ్యాక కొన్నాళ్ళు అలమారలో కూర్చుని ఉండొచ్చు కూడా. బిల్డ్ అయిన తేదీ వేరు, రిలీజ్ తేదీ వేరు. మనకి తెలియని సంగతా!

18 ఏళ్ళు ఒక్కసారిగా కొట్టుకుపోయేసరికి మొదట ఉసూరుమనిపించింది. కానీ తర్వాత తెలిసింది, నా వాచీ సరిగ్గా మంచి సమయంలోనే పుట్టిందని. మన దేశానికి ఒకే ప్రామాణిక కాలం వచ్చింది 1906 జనవరి 1న. అంతకుముందు రైళ్ళు మద్రాసు టైము మీద నడిచేవి, బొంబాయికీ కలకత్తాకీ వాటి సొంత టైములు. ప్రామాణిక కాలం వచ్చాక కూడా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా సొంత టైము వదల్లేదు. ఇప్పుడు మన ఫోన్లో కనిపించే టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. గిరీశం కంటే ఇదే నాకు ఎక్కువ నచ్చింది.

నచ్చినా, తప్పు దిద్దుకుంటూ టీమ్‌కి ఇంకో మెయిల్ మాత్రం కొట్టలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పనుంది.

సంవత్సరం తేలింది, ఇక టైము పెట్టడం. మన హెచ్ఎంటీ వాచీలతో పెరిగిన ప్రాణం కదా, కీ ఇచ్చే బుడిపె పైకి లాగితే ముళ్ళు తిరుగుతాయనుకున్నా. లాగితే రాలేదు. గట్టిగా లాగా. రాలేదు. తుప్పు పట్టిందనుకుని, రుమాలు చుట్టి, పటకారు కోసం వెతుకుతుంటే మా ఆవిడ "వందేళ్ళ ముసలాయన పన్ను పీకుతున్నట్టుంది, ముందు ఎవర్నైనా అడగండి" అంది. అప్పటికి ఆగబట్టి వాచీ బతికింది.

అది లివర్ సెట్ వాచీ. బుడిపె ఎంత లాగినా ముళ్ళు తిరగవు, లాగితే లోపలి భాగాలు దెబ్బతింటాయి. చేయాల్సిందేంటంటే, ముందు అద్దం బిగించిన రింగుని ఎడమవైపుకి తిప్పి ఊడదీయాలి. ఒకటి, రెండు అంకెల మధ్య డయలు అంచున గోరుకి తగిలే సన్నటి రేకు ఉంటుంది. దాన్ని గోటితో మెల్లగా బయటికి లాగాలి. ఇప్పుడు బుడిపె తిప్పితే ముళ్ళు కదులుతాయి. టైము పెట్టాక రేకుని లోపలికి నెట్టి, అద్దం బిగించాలి. నెట్టడం మర్చిపోయి కీ ఇవ్వబోతే స్ప్రింగు చుట్టుకోదు, ముళ్ళు గిరగిరా తిరుగుతాయి. (ఎలా తెలుసని అడక్కండి.)

సెకన్ల ముల్లు మాత్రం ఆగదు. అది 60 మీదికి వచ్చే క్షణానికి నిమిషాల ముల్లు సరిగ్గా గీత మీద ఉండేలా పెట్టుకోవాలి. లేకపోతే సెకన్ల ముల్లు సగంలో ఉన్నప్పుడు నిమిషాల ముల్లు గీతనెక్కి కూర్చుంటుంది, ఇక రోజంతా నిమిషం ఎంతో మనకీ తెలీదు, దానికీ తెలీదు. కీ రోజుకోసారి, పొద్దున్నే, ఇక తిరగనంతవరకూ ఇవ్వొచ్చు. "ఎక్కువ కీ ఇస్తే పాడైపోతుంది" అనేది ఉత్తమాట. కీ నిండా ఉన్నా కదలని వాచీ లోపల ఎండిపోయిన నూనెతో జిడ్డు పట్టి ఉంటుంది, అంతే. అలాంటిదాన్ని ఊపి, తట్టి నడిపించకుండా మెకానిక్ చేత శుభ్రం చేయించాలి. నేనూ చేయించా, వాచీ ధరలో సగం అయింది. ఈ సంగతి మా ఆవిడకి ఇప్పటిదాకా తెలీదు.

టైము మార్చడానికి ఇంత తతంగం ఎందుకు పెట్టారు? కావాలనే పెట్టారు. 1891 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రంలో కిప్టన్ అనే చిన్న స్టేషన్ దగ్గర రెండు రైళ్ళు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ప్యాసింజర్ బండి అక్కడ పక్కకి తప్పుకుని, తపాలా బండికి దారివ్వాలి. ప్యాసింజర్ బండివాళ్ళు ఇంకా టైముందనుకున్నారు. డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగిపోయి, మళ్ళీ దానంతటదే నడవడం మొదలుపెట్టిందని చెబుతారు. తపాలా బండిలో ఉత్తరాలు సర్దుతున్న గుమాస్తాలు కూడా పోయారు. ఆ తర్వాత ఆ రైల్వే కంపెనీ క్లీవ్‌లాండ్‌లో నగల వ్యాపారి వెబ్ బాల్ అనే ఆయన్ని పిలిచి, గడియారాల తనిఖీ పద్ధతి పెట్టించింది. వచ్చిన ఏళ్ళలో రైల్వేలు ఒక్కొక్కటిగా షరతులు పెట్టాయి: వారానికి 30 సెకన్లకి మించి తేడా రాకూడదు, కనీసం 17 రాళ్ళుండాలి (నగల్లో రాళ్ళు కాదు, ఇరుసులు అరక్కుండా పెట్టే కెంపుల్లాంటివి, నా దాంట్లో 19 ఉన్నాయి), ఎలా పట్టుకున్నా ఒకేలా నడవాలి, అంకెలు పెద్దవిగా కనబడాలి, లివర్ సెట్ అయ్యుండాలి. జేబులోంచి తీసేటప్పుడు బుడిపె పొరపాటున పైకి వచ్చి, తెలియకుండా టైము మారిపోకూడదు. టైము మార్చాలంటే మూత తీసి, ఆలోచించి, కావాలని మార్చాలి. ప్రొడక్షన్ సర్వర్లో ఏదైనా మార్చబోతే "నిజంగానే మారుస్తావా?" అని అడిగినట్టు. మనం ఆ ప్రశ్నకి చదవకుండా ఎస్ కొడతాం, అది వేరే సంగతి.

నన్ను బాగా ఆకట్టుకుంది తనిఖీ పద్ధతి. తనిఖీదారు ప్రతిసారీ ముళ్ళు తిప్పేసి సరిచేసేవాడు కాదట. గడియారాన్ని ప్రామాణిక గడియారంతో పోల్చి, తేడా ఎన్ని సెకన్లో ఒక కార్డు మీద రాసేవాడు. ఎంత తప్పుతోందో తెలిసి, ఆ తప్పు రోజూ ఒకేలా ఉంటే ఆ గడియారాన్ని నమ్మొచ్చు. ఇది చదివి నేనూ చిన్న పుస్తకం పెట్టా. రోజూ పొద్దున ఎనిమిదింటికి తేడా ఎంతో రాయడం. మొదటి వారం రోజుకి 40 సెకన్లు వెనక. లోపల ఎఫ్, ఎస్ అని అక్షరాల మధ్య చిన్న ముల్లుంటుంది, దాన్ని వెంట్రుకవాసి ఎఫ్ వైపు జరిపితే కాస్త వేగం పెరుగుతుంది. జరపడం, మూడు రోజులు ఆగడం, రాసుకోవడం. నెల తిరిగేసరికి రోజుకి 8 సెకన్లకి వచ్చింది.

ఇంత నిష్ఠగా సెకన్లు లెక్కబెడుతున్నవాణ్ణి, అదే చలికాలంలో ఆఫీసులో ఏం చేశానో ఇప్పుడు చెప్తాను.

2009 జనవరిలో ఓ రాత్రి మా అప్లికేషన్ పడిపోయింది. మూడు గంటలు లేవలేదు. క్లయింట్ గగ్గోలు. కారణం తేల్చి రిపోర్టు రాయమని నాకు అప్పజెప్పారు. హైదరాబాద్‌లో రాత్రి సపోర్టు చూసే కుర్రాడు ఒకడున్నాడు, చేరి ఏడాది కూడా కాలేదు. అప్లికేషన్ సర్వర్ లాగ్‌లో అతను స్క్రిప్టు నడిపింది 2:12కి. డేటాబేస్ సర్వర్ లాగ్‌లో డేటాబేస్ పడిపోయింది 2:16కి. రెండూ ఒకే టైమ్ జోన్, ఆ గొడవ కాదు. ముందు స్క్రిప్టు, నాలుగు నిమిషాల తర్వాత పతనం. ఇంకేం కావాలి? అతను కాల్‌లో "సార్, నేను చూసేసరికే డౌన్ అయ్యుంది, లేపుదామనే ఆ స్క్రిప్టు నడిపాను" అన్నాడు. "లాగ్ అబద్ధం చెప్పదు కదా" అన్నా నేను. ఆ వాక్యం అన్నప్పుడు నా గొంతులో ఉన్న ధీమా నాకింకా గుర్తుంది. రిపోర్టులో అతని పేరు రాశా. ఇటు మేనేజర్లకీ, అటు మేనేజర్లకీ వెళ్ళింది. ఆ ఏడు అతనికి రేటింగు తగ్గింది. మార్చికల్లా ప్రాజెక్టులోంచి తీసేశారు. ఇంకో నెలకి ఉద్యోగం మానేశాడని విన్నా. అయ్యో అనుకున్నా, అంతే.

మే నెలలో అమ్మానాన్నలు వచ్చారు. మా నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. విజయవాడ డివిజన్లోనే ముప్పై ఏళ్ళు, గూడ్సు, ప్యాసింజరు అన్నీ. ఆయనకి నా గడియారం చూపించాలని ఏడు నెలలనుంచీ ఎదురుచూస్తున్నా. కళ్ళజోడు పెట్టుకుని, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను 1905, ఎల్జిన్, కిప్టన్, వెబ్ బాల్ అంటూ వాయించేస్తున్నా. అంతా విని, "బావుందిరా. ఇప్పుడు దీంట్లో టైమెంత? అసలు టైమెంత?" అన్నారు.

"పన్నెండు సెకన్లు వెనకుంది నాన్నా."

"తెలుసుకదా నీకు, అది చాలు."

తర్వాత ఆయన మొదలుపెట్టారు. వాళ్ళకి రోజూ సాయంత్రం నాలుగింటికి ముఖ్యమైన స్టేషన్లన్నిటికీ టైము అందేదట. బండి బయల్దేరే ముందు గార్డు తన వాచీని స్టేషన్ గడియారంతో కలుపుకోవాలి. కలుపుకుని, ఆ టైము డ్రైవరుకి చెప్పాలి. డ్రైవరు తన వాచీని గార్డు వాచీతో కలుపుకోవాలి. అది రూలు, రైల్వే రూల్సు పుస్తకంలో రాసుంది.

"డ్రైవరు దగ్గర మీకంటే మంచి వాచీ ఉంటేనో?" అన్నా.

"ఉంటే ఉండనీ. స్విస్సు వాచీ పెట్టుకొచ్చేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఎవడి వాచీ కరెక్టు అనేది కాదురా అక్కడ. బండికి ముందు ఒకడు, వెనక ఒకడు. ఇద్దరూ రాసే టైములు రేప్పొద్దున ఎవడన్నా పక్కపక్కన పెట్టి చూస్తాడు. నేను రెండు పదికి కదిలిందంటాను, ఆయన రెండు పన్నెండంటాడు. ఎవడు అబద్ధమాడినట్టు? ఎవడూ కాదు. కలుపుకోలేదు, అంతే. కలుపుకోకుండా రాసిన రెండు టైముల్ని పక్కన పెట్టి ఒక మనిషి మీద చార్జిషీటు రాస్తే, వాడి ఉసురు తగుల్తుంది."

ఆయన మామూలుగానే అన్నారు. నా ఆఫీసు సంగతి ఆయనకి తెలీదు. నాకు మాత్రం 2:12, 2:16 అనే రెండు అంకెలు కళ్ళముందు నిలబడ్డాయి. ఆ రెండు మెషీన్ల గడియారాలూ కలిసి ఉన్నాయా? నేను చూడలేదు. చూడాలని తట్టను కూడా లేదు.

సోమవారం ఆఫీసుకెళ్ళగానే పాత లాగులు బయటికి తీయించా. ఇప్పుడు రెండు సర్వర్లలోనూ టైము సరిగ్గానే ఉంది. కానీ జనవరిలో? అది తెలియాలంటే ఆ రాత్రి రెండు మెషీన్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్న సందర్భం ఒకటి కావాలి, రెండు బళ్ళు ఒకే స్టేషన్లో ఎదురైనట్టు. రోజూ రాత్రి ఒంటిగంటకి నడిచే జాబ్ ఒకటి ఉంది. అప్లికేషన్ సర్వర్ పంపుతుంది, డేటాబేస్ అందుకుంటుంది, మామూలుగా సెకను కూడా పట్టదు. ఆ రాత్రి పంపినట్టు రాసింది 1:00కి. అందినట్టు రాసింది 1:06కి. ముందురోజూ అంతే. దానికి ముందురోజూ అంతే. అప్లికేషన్ సర్వర్ ఆరు నిమిషాలు వెనక నడుస్తోంది. టైము కలిపే ఎన్‌టీపీ సర్వీసు ఆ మెషీన్లో ఎప్పుడో ఆగిపోయింది. ఫిబ్రవరిలో ప్యాచ్ వేసి రీస్టార్ట్ చేసినప్పుడు దానంతటదే మళ్ళీ మొదలై, టైము సర్దుకుంది. ఎవరికీ తెలియలేదు. కిప్టన్ డ్రైవరు గడియారం లాగే, ఆగి, మళ్ళీ నడిచి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

2:12కి ఆరు కలిపితే 2:18. డేటాబేస్ పడింది 2:16కి. కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. అతను చూసేసరికే అది పడిపోయి రెండు నిమిషాలైంది.

లాగ్ అబద్ధం చెప్పలేదు. కేసు నంబరూ అబద్ధం చెప్పలేదు. ఒకదాని అంకె తీసుకెళ్ళి ఇంకోదాని పట్టికలో వెతికింది నేను. అక్టోబరులో గడియారం విషయంలో చేసిన తప్పే జనవరిలో మనిషి విషయంలో చేశా. గడియారానికైతే పోయింది 18 ఏళ్ళ వయసు, దానికి బాధేం లేదు.

రెండు రోజులు ఊరుకున్నా. ఇక్కడ నిజం చెప్పాలి: ఊరుకుందామనే అనుకున్నా. కుర్రాడు వెళ్ళిపోయాడు, క్లయింట్ మర్చిపోయాడు, వీసా పొడిగింపు ఫైలు నా మేనేజర్ టేబుల్ మీద ఉంది. ఇప్పుడు "నా రిపోర్టు తప్పు" అని రాస్తే ఎవరికి లాభం? గడియారం సంవత్సరం తప్పని తెలిశాక కూడా టీమ్‌కి రెండో మెయిల్ కొట్టలేదని చెప్పానే, నేను అలాంటివాణ్ణి. మూడోరోజు పొద్దున ఎనిమిదింటికి అలవాటు ప్రకారం పుస్తకం తీసి గడియారం తేడా రాస్తుంటే, పక్కన నాన్న కాఫీ తాగుతూ, "రోజూ రాస్తావా? మంచిది. తేడా ఎంతుందో రాయడానికి సిగ్గుపడేవాడి వాచీని ఎవడూ నమ్మడు" అన్నారు. ఆయనకి నిజంగానే ఏమీ తెలీదు. నేను మాత్రం తలెత్తలేకపోయా.

ఆ రోజే రాశా. జనవరి రిపోర్టు ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరికీ, అదే సబ్జెక్టు లైనుతో. రెండు లాగుల తేడా, రుజువు, నేను సరిచూడలేదన్న ముక్క, కుర్రాడి పేరు, అతని తప్పు లేదన్న వాక్యం. పైవాళ్ళలో ఒకరు "ఇప్పుడిదంతా తవ్వడం అవసరమా" అన్నారు. ఇంకొకరు జవాబే ఇవ్వలేదు. వీసా పొడిగింపు మాత్రం వచ్చింది. పడిపోవడానికి అసలు కారణం వేరే బృందం తర్వాత తేల్చింది, దాని కథ ఇక్కడ అనవసరం.

అతని సొంత మెయిల్ ఐడీ సంపాదించి అతనికీ పంపా, క్షమాపణతో. పది రోజుల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది. "థాంక్స్ సార్, ఇది మా కొత్త మేనేజర్‌కి చూపించను గానీ మా నాన్నకి చూపిస్తాను. ఆ రోజు కాల్‌లో ఒక్కసారి చెక్ చేసుంటే బాగుండేది."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

2011లో హైదరాబాద్ వచ్చేశా. గడియారం కూడా వచ్చింది. నాలుగైదేళ్ళకోసారి కోఠీలో ఒక పాత మెకానిక్ దగ్గర శుభ్రం చేయిస్తున్నా. ఆయన దాన్ని విప్పినప్పుడల్లా లోపలి చెక్కడం చూసి మురిసిపోతాడు. ఆ తర్వాత ఇంకో నాలుగు వాచీలు కొన్నా. కొత్తగా ఈ పిచ్చిలో పడేవాళ్ళకి నేను చెప్పేది రెండే: మూత మీది నంబరు చూసి సంబరపడకండి, లోపల మెషీను నంబరు చూడండి. ముళ్ళు కదలకపోతే బలవంతం చేయకండి, లివరు ఎక్కడుందో వెతకండి.

ఇక మా టీమ్‌లో ఏది పడిపోయినా, రిపోర్టు మొదలుపెట్టే ముందు మొదటి వరసలో ఒక గడి ఉంటుంది: "గడియారాలు కలిపి చూశారా? తేడా ఎంత?" అది నింపకుండా కింద ఎవరి పేరూ రాయడానికి వీల్లేదు. కొత్తగా చేరిన పిల్లలు ఇదేం చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీండి.

నాన్న వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. ఆయన డ్యూటీ వాచీ మా తమ్ముడి దగ్గరుంది. నా పుస్తకం మాత్రం నడుస్తోంది, ఇది అయిదోది. ఈ రోజు పొద్దున ఎనిమిదింటికి ఎల్జిన్ తొమ్మిది సెకన్లు వెనక ఉంది. రాసి పెట్టా.